సవానా గురించి అందరూ అడిగే ప్రశ్నలు

అట్లాంటా, షార్లెట్ నుంచి వీకెండ్‌కి వచ్చే స్నేహితులు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను ఎక్కడికైనా తీసుకెళ్ళాలనుకునేవాళ్ళు, స్టేట్స్‌బరోలో కొత్తగా ఎమ్మెస్‌లో చేరిన పిల్లలు తిప్పి తిప్పి ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. ప్రతిసారీ వాట్సాప్‌లో టైప్ చేయలేక అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మొదటి నుంచి చదవక్కర్లేదు. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

ఒక్క మాట. జార్జియాలోని ఈ ఊరు అందమైనదే, అందులో అనుమానం లేదు. అయితే ఆ అందం ఎవరి చేతుల మీదుగా వచ్చిందో కూడా ఇక్కడ రాశాను. ఫోటోలు మాత్రమే కావాలంటే రెండో భాగం వదిలేయొచ్చు. వదలకపోతే సంతోషిస్తాను.

## బయలుదేరే ముందు

సవానా అట్లాంటా పక్కనేనా?

కాదు. రెండూ జార్జియాలోనే ఉన్నా, మధ్యలో దాదాపు 250 మైళ్ళ దూరం ఉంది. కారులో నాలుగు గంటలు. మేకన్ దాకా ఐ-75, అక్కణ్ణుంచి ఐ-16. మేకన్ దాటాక చాలాసేపు రెండు పక్కలా పైన్ చెట్లే, కాబట్టి గ్యాస్, బాత్‌రూమ్ పనులు అక్కడే కానిచ్చేయండి. ఊరు సవానా నది ఒడ్డున, సముద్రం నుంచి సుమారు 18 మైళ్ళ ఎగువన ఉంటుంది. నది దాటితే సౌత్ కరోలినా.

ఇంత చిన్న ఊరికి అంత పేరెందుకు?

2020 జనాభా లెక్కల్లో ఇక్కడ 1,47,780 మంది ఉన్నారు. మన విజయనగరం కంటే చిన్న ఊరు. కానీ జార్జియా మొదలైంది ఇక్కడే. 1733లో పుట్టింది, అంటే అమెరికా అనే దేశం కంటే 43 ఏళ్ళు పెద్దది. అట్లాంటా పుట్టడానికి ఇంకా వందేళ్ళు పట్టింది. పైగా ఊరు పుట్టినప్పుడు గీసిన పటం ప్రకారమే పాత ఊరి వీధులు ఇప్పటికీ ఉన్నాయి. అమెరికాలో అలాంటి ఊళ్ళు తక్కువ. ఆర్కిటెక్చర్ చదివేవాళ్ళు పనిగట్టుకుని చూడటానికి వస్తారు.

ఏ నెలలో వస్తే మంచిది?

మార్చి రెండో సగం, ఏప్రిల్. అప్పుడు అజేలియా పూలు విరగబూస్తాయి. లేదంటే నవంబరు. జులై, ఆగస్టుల్లో 33 డిగ్రీలే చూపిస్తుంది గానీ ఉక్కపోతకు చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. కోస్తా జిల్లాల వాళ్ళకు కొత్తేమీ కాదు, హైదరాబాదు వాళ్ళు మాత్రం విసుక్కుంటారు. జూన్ నుంచి నవంబరు దాకా హరికేన్ల కాలం. 2016 అక్టోబరులో మాథ్యూ తుపానుకు తీరప్రాంతం మొత్తాన్ని ఖాళీ చేయించారు. ఆ నెలల్లో హోటల్ బుక్ చేస్తే డబ్బు వాపసు ఇచ్చే గది తీసుకోండి.

మార్చి 17న రావచ్చా?

ఆ రోజు సెయింట్ పాట్రిక్స్ డే. ఇక్కడ అదో పెద్ద జాతర. ఊరేగింపు 1824 నుంచి జరుగుతోంది. కాలువలు తవ్వడానికి, రైలు పట్టాలు వేయడానికి వచ్చిన ఐరిష్ కూలీలు ఇక్కడే స్థిరపడ్డారు, వాళ్ళ వారసులు ఇప్పటికీ ఉన్నారు. ఫౌంటెన్లలో నీళ్ళకు ఆకుపచ్చ రంగు కలుపుతారు. కుర్రాళ్ళకు బాగుంటుంది. చంటిపిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే ఆ వారం వద్దు. గది దొరకదు, దొరికినా ధర మండిపోతుంది.

ఒక్క రోజు చాలదా?

పాత ఊరికి ఒక రోజు సరిపోతుంది. టైబీ బీచ్, ఫోర్ట్ పులాస్కీ కూడా చూడాలంటే రెండు రోజులు పెట్టుకోండి.

## ఊరి కథ

ఈ ఊరిని ఎవరు కట్టారు? ఎందుకు కట్టారు?

జేమ్స్ ఓగ్లథోర్ప్ అనే ఇంగ్లీషు పార్లమెంటు సభ్యుడు. 'ఆన్' అనే ఓడలో వంద పైచిలుకు మందితో వచ్చి, 1733 ఫిబ్రవరి 12న నది ఒడ్డున నలభై అడుగుల ఎత్తున్న గట్టు మీద దిగాడు. కారణాలు రెండు. లండన్‌లో బతుకు గడవని పేదవాళ్ళకు కొత్త చోట భూమి ఇవ్వాలన్నది పైకి చెప్పింది. ఫ్లోరిడాలో ఉన్న స్పెయిన్ వాళ్ళు కరోలినా మీద పడకుండా మధ్యలో ఒక అడ్డుగోడ కావాలన్నది అసలు అవసరం. చిప్పెవా స్క్వేర్‌లో ఓగ్లథోర్ప్ విగ్రహం దక్షిణం వైపు తిరిగి ఉంటుంది, అంటే ఫ్లోరిడా మీద ఓ కన్నేసి నిలబడ్డాడన్నమాట.

ఆ గట్టు ఖాళీగా ఏమీ లేదు. యామక్రా తెగవాళ్ళ ఊరు అక్కడే ఉండేది. వాళ్ళ పెద్ద తొమోచిచి యుద్ధానికి దిగకుండా మాటలకు ఒప్పుకున్నాడు. ఆ మాటలను అటూ ఇటూ చేరవేసింది మేరీ మస్‌గ్రోవ్. తల్లి క్రీక్ తెగ, తండ్రి ఇంగ్లీషువాడు కావడంతో ఆమెకు రెండు భాషలూ వచ్చు. వీళ్ళిద్దరూ లేకపోతే ఆ మొదటి చలికాలం ఎలా గడిచేదో చెప్పలేం.

తొమోచిచి సమాధి ఎక్కడుంది?

రైట్ స్క్వేర్‌లో. కానీ వెతికితే దొరకదు. 1739లో ఆయన చనిపోతే ఆ స్క్వేర్ నడిమధ్యన మర్యాదలతో పాతిపెట్టారు. 1883లో అదే చోట రైల్వే కంపెనీ అధ్యక్షుడు విలియం గోర్డన్‌కు పెద్ద స్మారకం కట్టేశారు. ఇది తప్పని పట్టుబట్టినవాళ్ళలో గోర్డన్ సొంత కోడలు నెల్లీ ముందుంది. ఆ పూనికతోనే 1899లో స్క్వేర్‌లో ఒక పక్కగా పెద్ద గ్రానైట్ బండ తెచ్చి పెట్టించారు. మీకు కనబడేది ఆ బండే. నెల్లీ కూతురు జూలియెట్ గోర్డన్ లో 1912లో ఈ ఊళ్ళోనే 18 మంది ఆడపిల్లలతో గర్ల్ స్కౌట్స్ మొదలుపెట్టింది. మీ పాప స్కౌట్స్‌లో ఉంటే ఆ ఇల్లు చూపించండి, ఎగిరి గంతేస్తుంది.

బానిసత్వం వద్దన్న ఊరట కదా? మరి బానిసలు ఎక్కణ్ణుంచి వచ్చారు?

మొదట్లో వద్దన్నమాట నిజమే. 1735లో జార్జియాలో బానిసలను ఉంచుకోకూడదని చట్టం చేశారు. సారా వద్దన్నారు, లాయర్లు వద్దన్నారు, క్యాథలిక్కులు వద్దన్నారు. అయితే బానిసత్వాన్ని వద్దన్నది జాలి వల్లే అనుకోకండి. బానిసలుంటే తెల్లవాళ్ళు పని మానేస్తారని, ఆ బానిసలు పారిపోయి స్పెయిన్ వాళ్ళతో కలుస్తారని భయం. పైగా చట్టం రాకముందు, ఊరు కట్టిన తొలి రోజుల్లోనే చెట్లు కొట్టడానికి, దూలాలు కోయడానికి కరోలినా నుంచి బానిసలను తెప్పించుకున్నారు.

నది అవతల కరోలినాలో వరి పండించి కోటీశ్వరులైనవాళ్ళు కళ్ళముందే ఉన్నారు. మాకూ కావాలని ఇక్కడివాళ్ళు పదిహేనేళ్ళు గోల చేశారు. 1751 జనవరి 1 నుంచి నిషేధం ఎత్తేశారు. ఆ తర్వాత తీరంలోని చిత్తడి నేలలన్నీ వరిమళ్ళయ్యాయి. నడుము లోతు బురదలో కాలువలు తవ్వింది, గట్లు పోసింది, నాట్లు వేసింది ఆఫ్రికా నుంచి తెచ్చినవాళ్ళు. వాళ్ళలో పశ్చిమాఫ్రికాలో తరతరాలుగా వరి పండించినవాళ్ళున్నారు. తోటల యజమానులు చేతుల బలానికి తోడు వాళ్ళ తెలివినీ తెచ్చుకున్నారు, కూలి మాత్రం దేనికీ ఇవ్వలేదు.

అడుగడుగునా ఉన్న ఈ చిన్న చిన్న పార్కులేంటి?

వాటినే స్క్వేర్లు అంటారు. ఊరి లెక్కంతా వాటిలోనే ఉంది. ఓగ్లథోర్ప్ ఊరిని వార్డులుగా గీశాడు. ప్రతి వార్డు మధ్యలో ఒక ఖాళీ చోటు. దానికి ఉత్తరాన, దక్షిణాన కలిపి నాలుగు ఇళ్ళ వరసలు, ఒక్కో వరసకు పది ఇళ్ళు, మొత్తం నలభై. తూర్పున, పడమరన నాలుగు స్థలాలు చర్చి, దుకాణం లాంటి అందరికీ పనికొచ్చే వాటికి. జనం పెరిగితే పక్కన అలాంటిదే ఇంకో వార్డు.

నాలుగుతో మొదలై 1851 నాటికి 24 అయ్యాయి. ఇప్పుడు 22 ఉన్నాయి. లిబర్టీ, ఎల్బర్ట్ అనే రెండు స్క్వేర్లు రోడ్లకూ కొత్త భవనాలకూ బలైపోయాయి. ఎల్లిస్ స్క్వేర్‌ది వేరే కథ. 1954లో అక్కడి పాత మార్కెట్ కూల్చి పార్కింగ్ గ్యారేజీ కట్టారు. యాభై ఏళ్ళ లీజు తీరాక గ్యారేజీని పడగొట్టి, పార్కింగ్‌ను భూమి కిందికి దింపి, 2010లో పైన స్క్వేర్‌ను మళ్ళీ తెరిచారు.

కారులో వెళ్ళేవాళ్ళకు స్క్వేర్లు చికాకే. ప్రతి రెండు నిమిషాలకూ చుట్టూ తిరగాలి. నడిచేవాళ్ళకు మాత్రం రెండు వీధులకోసారి నీడ, బెంచీ దొరుకుతాయి. ఈ ఊరు నెమ్మది అంటారు కదా, అందులో సగం ఈ పటం వల్లే అని నా అభిప్రాయం. తొందరపడదామన్నా వీధి ఒప్పుకోదు.

పత్తికీ ఈ ఊరికీ ఏం సంబంధం?

1793లో సవానాకు ఎగువన మల్బరీ గ్రోవ్ అనే తోటలో ఎలై విట్నీ గింజ తీసే యంత్రం తయారుచేశాడు. అంతకుముందు పొట్టి పింజ పత్తిలో గింజలు తీయడం రోజంతా చేసినా తెమిలే పని కాదు. యంత్రం వచ్చాక జార్జియా లోపలి నేలలన్నీ పత్తి చేలయ్యాయి. ఆ పత్తి దిగి వచ్చేది ఈ రేవుకే. బే స్ట్రీట్ మీద ఎర్రగా కనబడే కాటన్ ఎక్స్‌ఛేంజ్ భవనం 1880ల నాటిది. దాని వెనకున్న ఇనుప వంతెనల మీద నిలబడి దళారులు కింద బండ్లలో వచ్చిన పత్తికి ధర కట్టేవారు. నది పక్క గోడౌన్లే ఇప్పుడు హోటళ్ళు, మిఠాయి కొట్లు.

మనకూ దీంతో ఒక లంకె ఉంది. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది నౌకాదళం ఈ రేవులన్నీ దిగ్బంధం చేయడంతో లాంకషైర్ మిల్లులకు పత్తి కరువొచ్చింది. వాళ్ళు ఇండియా పత్తి మీద పడ్డారు. మన దగ్గర ధరలు ఆకాశానికెక్కి, 1865లో యుద్ధం అయిపోగానే దభాలున పడిపోయాయి.

"వీపింగ్ టైమ్" అని ఒక బోర్డు చూశాను. అదేంటి?

అమెరికా చరిత్రలో అతి పెద్ద బానిసల వేలాల్లో ఒకటి ఇక్కడ జరిగింది. 1859 మార్చి 2, 3 తేదీల్లో ఊరి పడమటి అంచున ఒక గుర్రప్పందాల మైదానంలో. పియర్స్ బట్లర్ అనే భూస్వామి జూదంలో, షేర్లలో మునిగిపోయి అప్పులు తీర్చడానికి తన మనుషులను అమ్మకానికి పెట్టాడు. అమ్మకపు జాబితాలో 436 పేర్లున్నాయి, అందులో 429 మంది అమ్ముడయ్యారు. వచ్చింది మూడు లక్షల డాలర్ల పైన. వేలానికి ముందు వాళ్ళను గుర్రాల కొట్టాల్లో ఉంచారు. న్యూయార్క్ పత్రిక విలేఖరి ఒకాయన కొనేవాడిలా నటిస్తూ లోపలికి వెళ్ళి మొత్తం రాశాడు కాబట్టి ఇంత వివరంగా తెలుసు. ఆ రెండు రోజులూ వాన ఎడతెరిపి లేకుండా కురిసింది. ఏడుపుల రోజులు అన్న పేరు అలా వచ్చింది.

దాని గుర్తుగా బోర్డు పెట్టింది 2008లో. టూరిస్టు బండ్లు మామూలుగా అటు వెళ్ళవు. పాత ఊరి నుంచి కారులో కాసేపే.

షెర్మన్ అట్లాంటాను తగలబెట్టాడు కదా, దీన్నెందుకు వదిలేశాడు?

ఊరు అందంగా ఉందని కాల్చడానికి చేతులు రాలేదని గైడ్లు చెబుతారు. వినడానికి బాగుంటుంది. జరిగింది ఇది. 1864 నవంబరులో, అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యాన్ని నడిపిస్తున్న జనరల్ షెర్మన్ అట్లాంటా నుంచి సముద్రం వైపు నడిచాడు. డిసెంబరు 13న సముద్రపు దారికి కాపలాగా ఉన్న ఫోర్ట్ మెకాలిస్టర్ పడిపోయింది. ఊళ్ళో ఉన్న దక్షిణాది సైన్యం 20వ తేదీ రాత్రి నది మీద తెప్పల వంతెన వేసుకుని కరోలినాలోకి జారుకుంది. మర్నాడు మేయర్ ఎదురెళ్ళి ఊరిని అప్పగించాడు. ఎదిరించేవాడే లేనప్పుడు కాల్చాల్సిన పనేముంది? పైగా సైన్యానికి సరుకులు దించుకోవడానికి రేవు కావాలి.

డిసెంబరు 22న షెర్మన్ ప్రెసిడెంట్ లింకన్‌కు తంతి కొట్టాడు: క్రిస్మస్ కానుకగా సవానా నగరం, 150 పెద్ద ఫిరంగులు, సుమారు 25,000 బేళ్ళ పత్తి అని. ఆయన బస చేసిన గ్రీన్-మెల్‌డ్రిమ్ ఇల్లు మ్యాడిసన్ స్క్వేర్ పక్కన ఇప్పటికీ ఉంది.

"నలభై ఎకరాలు, ఒక కంచరగాడిద" మాట ఇక్కడిదేనా?

నలభై ఎకరాలు ఇక్కడివే. 1865 జనవరి 12న అదే గ్రీన్ ఇంట్లో మేడ మీద షెర్మన్, యుద్ధ మంత్రి స్టాంటన్ కలిసి నల్లజాతి మతపెద్దలు ఇరవై మందిని పిలిపించి కూర్చోబెట్టారు. వాళ్ళ తరఫున మాట్లాడింది గారిసన్ ఫ్రేజియర్ అనే 67 ఏళ్ళ పాస్టర్. తననూ భార్యనూ డబ్బు కట్టి విడిపించుకున్నవాడు. మీకేం కావాలని అడిగితే భూమి అన్నాడు. మా భూమి మేం దున్నుకుంటాం, మా తిండి మేం సంపాదించుకుంటాం అన్నది ఆయన మాటల సారం.

నాలుగు రోజులకే ఫీల్డ్ ఆర్డర్ 15 వచ్చింది. తీరం వెంబడి తోటలను బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళకు కుటుంబానికి నలభై ఎకరాలకు మించకుండా పంచాలన్న షెర్మన్ సైనిక ఆదేశం అది. వేలమంది వెళ్ళి దున్నుకోవడం మొదలుపెట్టారు. కంచరగాడిదలు తర్వాత సైన్యం దగ్గర మిగిలినవాటిలోంచి వచ్చి మాటలో కలిశాయి. ఇంతలో లింకన్ హత్య జరిగింది. కొత్త ప్రెసిడెంటు జాన్సన్ ఏడాది తిరక్కుండానే ఆ భూములను పాత యజమానులకు తిరిగి ఇప్పించాడు. పోడు పట్టాలు, అసైన్డు భూముల గొడవలు చూసినవాళ్ళకు ఇందులో అర్థం కానిదేమీ లేదు.

ఇన్ని పాత ఇళ్ళు ఎలా మిగిలాయి? వీళ్ళకు అంత శ్రద్ధా?

శ్రద్ధ తర్వాత వచ్చింది. ముందు వచ్చింది పేదరికం. 1920ల్లో బోల్ వీవిల్ పురుగు పత్తిని తినేసింది, రేవు వెలవెలబోయింది. పాతది పడగొట్టి కొత్తది కట్టడానికి ఊరి దగ్గర డబ్బు లేదు. ఇళ్ళు అలాగే పెచ్చులూడుతూ నిలబడ్డాయి.

ప్రపంచ యుద్ధాల తర్వాత డబ్బు రాగానే కూల్చడమూ మొదలైంది. ఇక్కడ 'సవానా గ్రే' అనే ఇటుక ఉంటుంది. మామూలు ఇటుక కంటే పెద్దది, రంగు బూడిదకీ లేత గులాబీకీ మధ్యన, చేత్తో ముడితే గరుగ్గా తగులుతుంది. నది పక్క హెర్మిటేజ్ తోటలో బానిసలు చేసిన ఇటుకలవి. శివార్లలో కొత్త ఇళ్ళకు వాటి మీద మోజు పెరిగి, ఇటుకల కోసమే పాత ఇళ్ళు పడగొట్టేవారు. 1954లో మార్కెట్ పోయింది. మరుసటి ఏడు 1820 నాటి డావెన్‌పోర్ట్ ఇంటి వంతు వచ్చింది, పార్కింగ్ కోసం. అప్పుడు ఏడుగురు ఆడవాళ్ళు చందాలు పోగుచేసి 22,500 డాలర్లకు ఆ ఇల్లు కొనేశారు. హిస్టారిక్ సవానా ఫౌండేషన్ అలా పుట్టింది. వాళ్ళ పద్ధతి తెలివైనది: పడిపోయే ఇల్లు కొనడం, కూల్చకూడదనే షరతు పెట్టి అమ్మడం, ఆ డబ్బుతో ఇంకోటి కొనడం. 1966లో పాత ఊరికి జాతీయ చారిత్రక గుర్తింపు వచ్చింది.

ఇళ్ళు నిలిచాయి గానీ వాటిలో అద్దెకున్న పేదలు, ముఖ్యంగా నల్లవాళ్ళు, చాలాచోట్ల వెళ్ళిపోవాల్సి వచ్చింది. ఆ ముక్క ఫలకాల మీద రాయరు.

1960ల నల్లజాతి హక్కుల పోరాటం ఇక్కడ కూడా జరిగిందా? అలబామాలోని బర్మింగ్‌హామ్ పేరే వింటాం.

జరిగింది, గట్టిగా జరిగింది. 1960 మార్చి 16న బ్రాటన్ స్ట్రీట్‌లో లెవీస్ అనే పెద్ద బట్టల దుకాణంలో తెల్లవాళ్ళకే పరిమితమైన భోజనశాలలో నల్లజాతి విద్యార్థులు కూర్చుని తిండి అడిగారు. అరెస్టయ్యారు. దాంతో ఆ వీధిలో ఏమీ కొనకూడదని బహిష్కారం మొదలైంది. 1961 వేసవికి వ్యాపారులు దిగొచ్చారు. వెనక నుండి నడిపించింది డబ్ల్యు.డబ్ల్యు. లా, ఉద్యోగం రీత్యా ఇంటింటికీ ఉత్తరాలు పంచే పోస్ట్‌మాన్. హోసియా విలియమ్స్ రాత్రిపూట ఊరేగింపులు తీసి వారాల తరబడి జైల్లో ఉన్నాడు. 1963 అక్టోబరు నాటికి హోటళ్ళు, సినిమా హాళ్ళు నల్లవాళ్ళకు తలుపులు తీశాయి, దేశం మొత్తానికి చట్టం రావడానికి నెలల ముందే.

లెవీస్ ఉన్న భవనంలో ఇప్పుడు ఆర్ట్ కాలేజీ లైబ్రరీ ఉంది. లా తర్వాత ఈ పోరాటానికి మ్యూజియం పెట్టించాడు. ఎంఎల్‌కే (మార్టిన్ లూథర్ కింగ్) బులెవార్డ్ మీద ఉండే ఆ రాల్ఫ్ మార్క్ గిల్బర్ట్ మ్యూజియం చూడకుండా వెళ్ళొద్దు.

## ఊళ్ళో తిరిగేటప్పుడు

చెట్ల నుంచి జడల్లా వేలాడేదేంటి? చెట్టుకు తెగులా?

తెగులు కాదు. దాన్ని స్పానిష్ మాస్ అంటారు గానీ అది స్పెయిన్‌దీ కాదు, నాచూ కాదు. అనాస కుటుంబానికి చెందిన మొక్క. వేళ్ళుండవు. గాలిలోని తేమ, దుమ్ము తిని బతుకుతుంది. చెట్టు రసం పీల్చదు. అది వేలాడే పెద్ద చెట్లు లైవ్ ఓక్‌లు, ఏడాది పొడవునా పచ్చగా ఉంటాయి. కింద పడినదాన్ని తీసి మెడలో వేసుకుని ఫోటో దిగకండి. అందులో చిగర్స్ అనే సన్న పురుగులుండొచ్చు, తర్వాత గోక్కుంటూ కూర్చోవాలి.

'ఫారెస్ట్ గంప్' సినిమాలో హీరో చాక్లెట్ డబ్బాతో కూర్చున్న బెంచీ ఎక్కడ?

చిప్పెవా స్క్వేర్‌లో తీశారు, కానీ ఇప్పుడక్కడ ఆ బెంచీ ఉండదు. సినిమా కోసం తెచ్చి పెట్టిందది. సవానా హిస్టరీ మ్యూజియంలో చూడొచ్చు.

పెద్దవాళ్ళు నడవగలరా?

పైన పాత ఊరు చదునుగా ఉంటుంది, హాయిగా నడవొచ్చు. రివర్ స్ట్రీట్‌కి దిగడమే కష్టం. ఓడలు ఖాళీగా వచ్చేటప్పుడు బరువు కోసం వేసుకొచ్చిన రాళ్ళతో పరిచిన ర్యాంపులవి, ఒక్కటీ సమానంగా ఉండదు. రాతి మెట్లు ఇంకా నిటారు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మలకు చీర, హవాయి చెప్పులతో అది సాహసమే. బూట్లు వేయించండి. డాట్ అనే ఉచిత బస్సు పాత ఊరంతా తిరుగుతుంది, నది దాటించే ఫెర్రీ కూడా ఉచితమే. సాయంత్రం ఫెర్రీలో కూర్చోబెడితే కొండంత కంటైనర్ ఓడ పక్కనుంచి వెళ్తుంటే పెద్దవాళ్ళకు అదే పెద్ద సంబరం.

గుళ్ళూ గోపురాల్లాంటివి చూడాలంటే?

మూడు చెప్తాను. ఫస్ట్ ఆఫ్రికన్ బాప్టిస్ట్ చర్చి, ప్రస్తుత భవనం 1859లో పూర్తయింది. బానిసలు పగలంతా తోటల్లో పనిచేసి రాత్రిళ్ళు వచ్చి కట్టుకున్నదని చెబుతారు. కింది గదిలో నేల చెక్కల మీద వజ్రం ఆకారంలో చిల్లులుంటాయి. పారిపోయి వచ్చి కింద దాక్కున్నవాళ్ళకు గాలి ఆడటానికి అన్నది చర్చి వాళ్ళ మాట. రెండోది మిక్వే ఇజ్రాయెల్ యూదుల ప్రార్థనా మందిరం. 1733 జులైలో, ఊరు పుట్టిన అయిదు నెలలకే, లండన్ నుంచి యూదుల ఓడ వచ్చింది. అప్పటికే ఊళ్ళో జ్వరాలతో జనం పోతున్నారు. ఆ ఓడలోని వైద్యుడు శామ్యూల్ నూనెజ్ వైద్యం చేశాడు, దాంతో వాళ్ళను ఉండనిచ్చారు. మూడోది బానవెంచర్ శ్మశానం. శ్మశానానికి పిక్నిక్కా అని అత్తయ్యలు అడుగుతారు. చెట్లు చూశాక ఏమీ అనరు.

దయ్యాల టూర్ నిజంగా భయంగా ఉంటుందా?

పిల్లలకు సరదాగా ఉంటుంది. భయం కంటే జోకులే ఎక్కువ. 1820లో ఒకే ఏడాది అగ్నిప్రమాదం సగం ఊరిని తినేసింది, పచ్చజ్వరం దాదాపు 700 మందిని తీసుకెళ్ళింది. ఆ కథలు దయ్యాలు లేకుండానే చాలు.

ఏం తినాలి? శాకాహారులకు దొరుకుతుందా?

గ్రిట్స్ అడగండి. తెల్ల మొక్కజొన్న రవ్వను జావలా ఉడికిస్తారు, మన గోధుమరవ్వ ఉప్మా పల్చగా జారిపోతే ఎలా ఉంటుందో అలా. రొయ్యలతో ఇస్తారు, వద్దంటే చీజ్‌తో ఇస్తారు. రెడ్ రైస్ అంటే టమాటాలో వండిన అన్నం. సాధారణంగా సాసేజ్ కానీ పంది మాంసం కానీ కలుస్తుంది, అడిగి తీసుకోండి. ఇది గల్లా గీచీ వాళ్ళ వంట. తీరంలోని దీవుల్లో ఉండిపోయిన ఆఫ్రికన్ సంతతి వాళ్ళు వాళ్ళు, సొంత యాస, సొంత బుట్టల అల్లిక ఉన్నాయి. బెండకాయ ఈ దేశానికి ఆఫ్రికా నుంచే వచ్చింది, ఇక్కడ దాదాపు ప్రతి హోటల్లో వేపుడు దొరుకుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, రోడ్డు పక్క "బాయిల్డ్ పీనట్స్" అని అట్టముక్క మీద రాసి ఉంటే బండి ఆపండి. పచ్చి వేరుశనక్కాయలు తొక్కతో సహా ఉప్పునీళ్ళలో గంటలకొద్దీ ఉడకబెట్టినవి. సంచీలోంచి ఆవిరొస్తుంటుంది, కాయ నొక్కితే వేడి ఉప్పునీళ్ళు మోచేతి దాకా కారతాయి. మా నాన్నగారు అమెరికాలో మెచ్చుకున్న తిండి ఇదొక్కటే.

మందు గ్లాసు పట్టుకుని వీధిలో నడవచ్చట, నిజమేనా?

పాత ఊరి హద్దుల్లో నిజమే. ప్లాస్టిక్ గ్లాసు, 16 ఔన్సులు మించకూడదు, వయసు 21 దాటాలి. ఆ హద్దు దాటి అలాగే వెళ్తే మాత్రం జరిమానా. కారులో అస్సలు వద్దు.

ఫోర్ట్ పులాస్కీలో చూడటానికేముంది?

గోడ. ఏడున్నర అడుగుల మందం. ఏ ఫిరంగికీ పగలదని అందరూ నమ్మారు. 1862 ఏప్రిల్ 10, 11 తేదీల్లో ఉత్తరాది సైన్యం మైలుకు పైగా దూరంలోని టైబీ దీవి నుంచి, గొట్టంలో మరలు చెక్కిన కొత్తరకం ఫిరంగులతో ముప్పై గంటల్లో దానికి బొక్క పెట్టింది. ఇటుక కోటల కాలం ఆ రోజుతో చెల్లిపోయింది. ఆగ్నేయం మూలకు వెళ్ళండి. తర్వాత పూడ్చిన చోట ఇటుక ఎర్రగా వేరే రంగులో తెలిసిపోతుంది. పక్క గోడలో గుండ్లు ఇప్పటికీ దిగబడే ఉన్నాయి.

సముద్రంలో అణుబాంబు పడి ఉందటగా?

ఉంది. 1958 ఫిబ్రవరిలో రెండు యుద్ధ విమానాలు గాల్లో గుద్దుకున్నాయి. బాంబర్ సురక్షితంగా దిగాలంటే బరువు తగ్గాలని పైలట్ మార్క్ 15 బాంబును టైబీ దగ్గర నీళ్ళలో వదిలేశాడు. ఎంత గాలించినా దొరకలేదు. పేలడానికి కావాల్సిన ప్లుటోనియం భాగం అందులో లేదని వైమానిక దళం అంటుంది. జనం ఆ పక్కనే ఈత కొడుతున్నారు, టెన్షన్ ఏమీ లేదు.

## ఇక్కడే ఉందామనుకునేవాళ్ళకు

ఉద్యోగాలున్నాయా?

సాఫ్ట్‌వేర్ ఒక్కటే అయితే తక్కువ, చాలామంది ఇంటి నుంచే అట్లాంటా కంపెనీలకు పనిచేస్తారు. రేవు, దాని చుట్టూ గోడౌన్లు, లాజిస్టిక్స్ పెద్దవి. గార్డెన్ సిటీ టెర్మినల్ ఉత్తర అమెరికాలో ఒకే చోట ఉన్న కంటైనర్ టెర్మినళ్ళలో అతి పెద్దది. గల్ఫ్‌స్ట్రీమ్ విమానాలు ఇక్కడే తయారవుతాయి. పక్క బ్రయన్ కౌంటీలో హ్యుందాయ్ ప్లాంట్ 2024లో కార్లు తీయడం మొదలుపెట్టింది. సప్లయర్ల దగ్గర మెకానికల్, క్వాలిటీ వాళ్ళకు అవకాశాలు పెరిగాయి. డిజైన్ చదివేవాళ్ళకు 1978లో మొదలైన స్కాడ్ కాలేజీ ఉంది. ఫీజు చూసి గుండె గట్టిగా ఉంటేనే చేరండి.

మనుషులు ఎలాంటివాళ్ళు?

పలకరిస్తారు. లిఫ్టులో, కొట్లో, వీధిలో తెలియనివాళ్ళు కూడా బాగున్నారా అంటారు. పిల్లలు పెద్దవాళ్ళను 'మ్యామ్', 'సర్' అనే అంటారు. మన పిల్లలకూ అబ్బుతుంది, అది నాకు నచ్చిన విషయం. ఏ చర్చికి వెళ్తారని కూడా అడుగుతారు, మతం మార్చడానికి కాదు, అది ఇక్కడ ఊరూపేరూ అడగడంతో సమానం. మర్యాద వల్ల ఒక ఇబ్బందీ ఉంది. నచ్చని మాట ముఖం మీద చెప్పరు. "బ్లెస్ యువర్ హార్ట్" అంటే అన్నిసార్లూ దీవెన కాదు.

ఊళ్ళో తేడాలు, పేదరికం ఉన్నాయా?

ఉన్నాయి. జనాభాలో దాదాపు సగం నల్లవాళ్ళు. స్క్వేర్ల నుంచి పడమటికి కాస్త నడిస్తే ఊరి రూపు మారిపోతుంది. వెస్ట్ బ్రాడ్ స్ట్రీట్ ఒకప్పుడు నల్లజాతి వ్యాపారాల వీధి. 1960ల్లో అక్కడి యూనియన్ స్టేషన్ కూల్చి ఐ-16 ఫ్లైఓవర్ దింపారు, చుట్టూ ఉన్న పేటలు చెల్లాచెదురయ్యాయి. దాన్ని తీసేయాలన్న చర్చ ఏళ్ళుగా నడుస్తోంది. ఇంకో మార్పు మాత్రం జరిగింది. బానిసత్వాన్ని సమర్థించిన కాల్హూన్ పేరున్న స్క్వేర్‌కు 2023లో సూసీ కింగ్ టేలర్ పేరు పెట్టారు. బానిసగా పుట్టి, ఈ ఊళ్ళో దొంగచాటు బళ్ళలో చదువుకుని, యుద్ధంలో నల్లజాతి సైనికులకు నర్సుగా, టీచరుగా పనిచేసినామె. ఊరిలోని స్క్వేర్లలో ఒక స్త్రీ పేరు పెట్టడం అదే మొదలు.

మనవాళ్ళున్నారా? కిరాణా, గుడి?

ఉన్నారు, అట్లాంటాతో పోల్చకండి. పూలర్ వైపు కుటుంబాలు ఎక్కువ. రోజువారీ పప్పూ ఉప్పూ దొరుకుతాయి. పెళ్ళి బట్టలకు, పెద్ద పండగలకు, తెలుగు సినిమా మొదటి రోజు ఆటకు అట్లాంటా కానీ, రెండు గంటల దూరంలోని జాక్సన్‌విల్ కానీ వెళ్ళాల్సిందే.

ఇల్లు కొనేముందు ఏం చూడాలి?

నీళ్ళు. ఇది పల్లపు తీరం. పెద్ద పోటు వచ్చినరోజు టైబీ వెళ్ళే రోడ్డు మీదికి నీళ్ళొస్తాయి. ఇల్లు నచ్చగానే అడ్వాన్సు ఇవ్వకుండా ముందు ఫెమా (ప్రభుత్వ విపత్తు సంస్థ) వరద మ్యాపులో ఆ అడ్రసు ఏ జోన్‌లో ఉందో చూడండి. మామూలు ఇంటి ఇన్సూరెన్సులో వరద నష్టం రాదు, అది విడిగా తీసుకోవాలి, సాధారణంగా కట్టిన ముప్పై రోజులకు గానీ అమల్లోకి రాదు. తుపాను పేరు టీవీలో వినబడ్డాక ఫోన్ చేస్తే లాభం లేదు.